నాన్న మింగేసిన వాక్యాలు

ఇంగ్లీషులో బౌడ్లరైజ్ అని ఒక క్రియ ఉంది. మీలో చాలామంది ఎప్పుడూ వాడి ఉండరు. నేను కూడా ఇన్నేళ్ళలో మాటల మధ్య ఒకటి రెండుసార్లు వాడానేమో, అప్పుడు కూడా ఎదుటివాడు తెల్లమొహం వేస్తే మళ్ళీ తెలుగులో చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక రచనలో బూతనో, ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ వినకూడదనో అనిపించిన భాగాలు తీసిపారేసి, మిగిలింది మాత్రం అచ్చేయడం అని దాని అర్థం. దాన్ని తిట్టుగానే వాడతారు. ఫలానా ఎడిటర్ నా నవలని బౌడ్లరైజ్ చేశాడు అని ఎవరైనా అంటే, పచ్చని చెట్టుని మోడు చేశాడని ఏడుస్తున్నాడన్న మాట. నాకెందుకో ఆ మాట ఎక్కడ కనబడినా తిట్టులా అనిపించదు. మా నాన్న గొంతు వినిపిస్తుంది.

మొదటిసారి చూసింది జీఆర్‌ఈకి చదువుతున్న రోజుల్లో. అట్టముక్కలు కోసుకుని ఒక పక్క పదం, వెనక పక్క అర్థం రాసుకుని, వాటిని పేకముక్కల్లా కలుపుకుంటూ బస్సులో, క్యూలో, ఒక్కోసారి నిద్రలో కూడా బట్టీ పట్టేవాళ్ళం. బి అక్షరం కట్టలో ఇదొకటి. అర్థం దగ్గర ఎక్స్‌పర్గేట్ అని రాసుంది. అదేమిటో తెలియక పుస్తకంలో ఇ అక్షరం దాకా వెళ్తే, అక్కడ బౌడ్లరైజ్ అని ఉంది. ఒళ్ళు మండిపోయింది. తెలియని ఊళ్ళో దారి అడిగితే ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చెయ్యి చూపించినట్టు! లైబ్రరీలో రెండు చేతులతో ఎత్తాల్సిన డిక్షనరీ ఒకటి ఉండేది, చివరికి దాన్ని దించాను. ఎక్స్‌పర్గేట్ లాటిన్ నుంచి వచ్చిందట, శుభ్రం చేయడం అనే అర్థం ఉన్న మాట నుంచి. బౌడ్లరైజ్ మాత్రం ఏ భాష నుంచీ రాలేదు, ఒక మనిషి ఇంటిపేరు నుంచి వచ్చింది. థామస్ బౌడ్లర్ అనే ఆయన షేక్‌స్పియర్ నాటకాల్లో అసభ్యమైన చోట్లన్నీ తీసేసి "ది ఫ్యామిలీ షేక్‌స్పియర్" అని అచ్చేశాడు, దాంతో ఆయన పేరే క్రియ అయి కూర్చుంది, 1836 నుంచి వాడుకలో ఉంది. నాలుగు లైన్లు, అంతే. ఆ నాలుగు లైన్లూ చదువుతుంటే లైబ్రరీలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఓహో, మా ఇంట్లో జరిగేదానికి ఇంగ్లీషులో పేరు కూడా ఉందన్నమాట.

మా ఇంట్లో జరిగేది ఏమిటో చెప్తాను. బాబాయి నా చిన్నప్పుడే పరాయి దేశంలో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. నెలకో, రెండు నెలలకో ఒక ఉత్తరం. నీలం రంగు ఏరోగ్రామ్, మూడు వైపులా జిగురు పెట్టి అంటించేసి ఉంటుంది, బ్లేడుతో చాలా జాగ్రత్తగా కోయాలి, చెయ్యి కాస్త వణికిందా, లోపల రాసినది కూడా తెగిపోతుంది. బాబాయి ఒక్క అంగుళం వృథా పోనిచ్చేవాడు కాదు. మొదట్లో గుండ్రంగా, పెద్దగా మొదలైన అక్షరాలు చివరికొచ్చేసరికి చీమల్లా అయిపోయి, అంచుల వెంబడి తిరిగి, అడ్రసు రాసిన చోటు దాకా పాకేవి. నానమ్మకు చదువు రాదు. అందుకని రాత్రి అన్నాలయ్యాక నాన్న కళ్ళజోడు పెట్టుకుని లైటు కింద కూర్చుని పైకి చదివేవారు. నానమ్మ ఎదురుగా, ఆవిడ పక్కన అమ్మ, నాన్న వెనకాల అక్కా నేనూ. నాన్నది మంచి గొంతు. మామూలుగా చదివితేనే కథలా ఉండేది, అందులో బాబాయి అక్కడి మంచు గురించీ తన పక్క గదివాడి గురక గురించీ రాస్తే మేమంతా పడీపడీ నవ్వేవాళ్ళం.

నాకు ఏడో ఎనిమిదో ఏళ్ళు వచ్చి, కూడబలుక్కుని చదవడం పట్టుబడ్డాక, నాన్న భుజం మీంచి తొంగిచూడ్డం అలవాటైంది. అప్పుడు తెలిసింది, కాగితం మీద ఉన్నది ఎక్కువ, నాన్న నోట్లోంచి వచ్చేది తక్కువ అని. ఒక ఉత్తరం బాగా గుర్తు. "జ్వరం వచ్చి పది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను, ఇప్పుడు ఆరోగ్యం బాగానే ఉంది" అని బాబాయి రాశాడు. నాన్న "ఇప్పుడు ఆరోగ్యం బాగానే ఉంది" అని చదివారు. ఆగలేదు, తడబడలేదు, ఊపిరి కూడా అక్కడ తీసుకోలేదు. నేను "నాన్నా, ఒక లైను..." అన్నానో లేదో, అక్క నా తొడ మీద గట్టిగా ఒక గిల్లు గిల్లింది. నీళ్ళు తిరిగిన కళ్ళతో నోరు మూసుకున్నాను. నానమ్మ మాత్రం "బాగానే ఉన్నాడటగా, ఇంకేం" అని దణ్ణం పెట్టుకుంది.

మన భాషలో దీనికి మంచి మాటే ఉంది. మింగేయడం. సగం మాట మింగేశాడు అంటాం చూడండి, అది. సెన్సార్ అనేది వేరు, అది బయటివాడి కత్తెర, ఎవడో అధికారి కూర్చుని ఇది ఉండాలి ఇది ఉండకూడదు అని తేలుస్తాడు. మింగేయడం మన సొంత గొంతులో జరగాలి. మింగినవాడికి దాని రుచి తెలుస్తుంది, ఎదుటివాడికి అక్కడ ఒక మాట ఉందన్న సంగతే తెలీదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, ఉద్యోగంలో కుదురుకుని ఖాళీ దొరికాక, బౌడ్లర్ కథ తీరిగ్గా చదివాను. డిక్షనరీ నాలుగు లైన్లలో మింగేసింది చాలానే ఉంది.

ఈయన 1754లో ఇంగ్లండులో బాత్ నగరానికి దగ్గర్లో పుట్టాడు. చదివింది వైద్యం, ఎడిన్‌బరోలో డాక్టర్ పట్టా కూడా తీసుకున్నాడు గానీ వైద్యం ఎక్కువ కాలం చేయలేదు. జైళ్ళని బాగుచేయాలని తిరిగాడు, చదరంగం మాత్రం గట్టిగా ఆడేవాడు. పేరు వినగానే మనకి తోచే చాదస్తపు పంతులు కాదు, నలుగురిలో తిరిగిన మనిషే. అయితే నన్ను పట్టేసినది వాళ్ళ నాన్న సంగతి. ఆయన పేరు కూడా థామస్ బౌడ్లరే. సాయంత్రాలు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టుకుని షేక్‌స్పియర్ పైకి చదివేవాడట. ఇబ్బందైన మాటలు వచ్చినచోట అప్పటికప్పుడు దాటేసేవాడు, అది కూడా ఎంత నేర్పుగా అంటే ఏదో పోయిందని పిల్లలకి అనుమానం కూడా రాలేదు. పెద్దయి పుస్తకం తన చేత్తో తెరిచి చూసుకున్నాకే కొడుక్కి తెలిసింది, తాను విన్న షేక్‌స్పియర్ వేరు, కాగితం మీదున్న షేక్‌స్పియర్ వేరు అని. అందరి ఇళ్ళలోనూ అంత నేర్పున్న తండ్రి ఉండడు కదా, వాళ్ళ కోసం ఆ పని ముందే చేసిపెట్టిన పుస్తకం ఒకటి ఉంటే బాగుంటుంది, అదీ ఆలోచన. ఇది చదివి కాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నాను. నేను నాన్న భుజం మీంచి తొంగిచూశాను, వాళ్ళు చూడలేదు, తేడా అంతే.

మొదటి ఫ్యామిలీ షేక్‌స్పియర్ 1807లో బాత్‌లో అచ్చయింది, నాలుగు సంపుటాలు, 20 నాటకాలు, ఎవరు చేశారో పేరు లేదు. 1818లో థామస్ బౌడ్లర్ పేరుతో పెద్దది వచ్చింది, పది సంపుటాలు, 36 నాటకాలు. ముఖపత్రం మీదే ఒక హామీ కూడా అచ్చేశారు: మూలానికి ఏమీ చేర్చలేదు, ఇంట్లో అందరి ముందూ పైకి చదవడానికి మర్యాద కాని మాటలు మాత్రం తీసేశాం అని. మా నాన్న కూడా ఎప్పుడూ చేర్చలేదు లెండి, తీసేయడమే. అసలు అబద్ధానికీ మింగడానికీ మధ్య గీత అదేనని ఆయన నమ్మకం అనుకుంటాను. బౌడ్లర్లు మాత్రం ఆ మాట మీద పూర్తిగా నిలబడలేదు. నాటకాల్లో దేవుడా అని అరిచే చోట్ల స్వర్గమా అని మార్చారు. రోమియో జూలియట్‌లో మధ్యాహ్నం పన్నెండయింది అని చెప్పడానికి రోమియో స్నేహితుడు మెర్క్యూషియో ఒక పచ్చి బూతు జోకు వేస్తాడు, గడియారం ముల్లుని పట్టుకుని. వీళ్ళ పుస్తకంలో ఆ ముల్లు ఏ పాపం ఎరగనట్టు పన్నెండు దగ్గర నిలబడి ఉంటుంది. ఇంకో నాటకం రెండో హెన్రీ నాలుగు, అంటే నాలుగో హెన్రీ రెండో భాగం (చూశారా, ఈ రాజుల లెక్క నాకెప్పటికీ రాదు), అందులో డాల్ టేర్‌షీట్ అనే వేశ్య పాత్ర ఉంటుంది, ఆవిణ్ణి కొంచెం కూడా ఉంచకుండా మొత్తానికే లేపేశారు. ఒథెల్లో దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశారు పాపం. ఆ నాటకం మొత్తం పెళ్ళాం మీద మొగుడి అనుమానం మీదే నడుస్తుంది, అది తీస్తే ఏం మిగుల్తుంది? అందుకని ఇది నలుగురిలో చదివేది కాదు, హాల్లోంచి తీసి లోపలి గదిలో పెట్టుకోండి అని ఒక సలహా పడేశారు.

జనం తిట్టారు, కొన్నారు కూడా. 1821లో ఒక పత్రిక ఏకిపారేస్తే ఇంకో పత్రిక వెనకేసుకొచ్చింది, ఆ గొడవతో అమ్మకాలు పెరిగాయి. థామస్ బౌడ్లర్ 1825లో పోయాడు. గిబ్బన్ రాసిన రోమ్ సామ్రాజ్య చరిత్రని కూడా ఇలాగే శుభ్రం చేసిపెట్టి పోతే ఆ మరుసటేడు మేనల్లుడో అన్న కొడుకో... ఇంగ్లీషులో అంతా ఒకటే మాట కాబట్టి మనకి చిక్కు గానీ, ఇంటిపేరు బౌడ్లరే కాబట్టి అన్నదమ్ముల పిల్లాడే, అతను అచ్చేయించాడు. ఆయన పోయిన 11 ఏళ్ళకి, అంటే 1836లో, పెరోనెట్ థామ్సన్ అనే ఒక సైనికాధికారి రాతలో ఇంటిపేరు కాస్తా క్రియ అయింది. ఐర్లండులో బాయ్‌కాట్ అనే దొర 1880లో తన పేరు క్రియ అవడం కళ్ళారా చూసుకున్నాడు, ఇంకో 17 ఏళ్ళు బతికాడు. బౌడ్లర్‌కి ఆ బాధ తప్పింది. బాయ్‌కాట్ ఇవాళ మన గోడల మీద కూడా ఉంటుంది, బౌడ్లర్ డిక్షనరీ దాటి బయటికి రాలేదు.

ఆయన్ని సమర్థించినవాళ్ళు లేకపోలేదు. స్విన్‌బర్న్ అనే కవి, ఆయన కవిత్వమే మర్యాదస్తుల్ని హడలగొట్టింది, అలాంటివాడు 1894లో ఏమన్నాడంటే, తెలివైన పిల్లల చేతుల్లో షేక్‌స్పియర్‌ని పెట్టడానికి వీలు కల్పించినవాడి కంటే షేక్‌స్పియర్‌కి ఎక్కువ మేలు చేసినవాడు లేడని. ఇది నాకు సగమే నచ్చుతుంది. నచ్చనిది ఎక్కడంటే, ఒకసారి అచ్చయ్యాక ఆ కోత శాశ్వతం. నాన్న గొంతు ఆగిన చోట నేను తొంగిచూడగలిగాను, అచ్చు పుస్తకంలో భుజం ఎక్కడుంటుంది తొంగిచూడ్డానికి?

ఇంకొకటి, దీనికి నవ్వాలో ఏమనాలో తెలీదు. థామస్ బౌడ్లర్ 1806లో, 52 ఏళ్ళ వయసులో, పెళ్ళి చేసుకున్నాడు. పొసగలేదు, కొన్నాళ్ళకే విడిగా బతికారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ పెళ్ళి ఊసెత్తలేదు. గిబ్బన్ పుస్తకం అచ్చేయించిన ఆ అన్న కొడుకే ఆయన జీవితచరిత్ర కూడా రాశాడు, అందులో ఆయనకి పెళ్ళయిందన్న ముక్కే లేదు. శుభ్రం!

ఇప్పుడు అసలు సంగతి. 1807 నాటి పుస్తకం మీద పేరు లేదన్నాను కదా. అది చేసింది థామస్ కాదు, ఆయన అక్క. హెన్రియెటా మరియా, ఇంట్లో హారియెట్ అనేవారు, తమ్ముడి కంటే నాలుగేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. షేక్‌స్పియర్‌లో ఏవేవి బూతులో ఏరి తీసింది అంటే ఆవిడకి అవి అర్థమయ్యాయని ఒప్పుకున్నట్టేగా, ఆ కాలంలో పెళ్ళికాని ఆడమనిషి అలా ఎలా ఒప్పుకుంటుంది? అందుకని మొదట పేరే లేకుండా, తర్వాత తమ్ముడి పేరుతో. నిజం 20వ శతాబ్దంలో గానీ తేలలేదు. ఆవిడకి పేరు లేకుండా రాయడం కొత్త కాదు, 1801లో మతబోధల పుస్తకం కూడా అలాగే వేసింది, అది ఎన్ని ముద్రణలు పొందిందో! లండన్ బిషప్ అది చదివి, ఇది రాసినవాడెవడో గొప్ప పాస్టరై ఉంటాడనుకుని, అతనికి ఒక చర్చి ఇప్పిస్తానని ప్రచురణకర్తకి కబురు పెట్టాడు. ఇంకో తమాషా, ఆవిడ కోసినవన్నీ బూతులు కావు, విసుగనిపించినవి కూడా కొన్ని కోసేసింది. 1818లో తమ్ముడు వాటిని తిరిగి చేర్చాడు. క్రియకి పేరు తమ్ముడిది, కత్తెర అక్కది.

ఇది చదివిన ఉత్సాహంలో అక్కకి ఫోన్ చేశాను. బౌడ్లర్ కథంతా చెప్పి, నాన్న ఉత్తరాలు చదివే తీరు గుర్తుందా, ఎంత నేర్పుగా దాటేసేవారో కదా, అప్పటికప్పుడు కన్ను ముందుకి పోయి, ఏది పైకి అనాలో ఏది మింగాలో ఎలా తెలిసేదో ఏమో అంటూ పొగుడుతూ పోయాను. అక్క అంతా విని, చాలా మామూలుగా, "అప్పటికప్పుడేంట్రా? పోస్టు మధ్యాహ్నం వచ్చేది. నాన్న వచ్చేసరికి నేనే కోసి చదివి, పెన్సిల్‌తో మార్కు పెట్టి ఉంచేదాన్ని" అంది.

నేను కాసేపు మాట్లాడలేదు.

"నాన్నకి ఆ చీమతలకాయల రాత రాత్రి పూట కనపడేదా నీ మొహం! ఒకసారి చూసుకోకుండా చదివేసి, బాబాయి ఉద్యోగం పోయేలా ఉందన్న ముక్క కూడా చదివేశారు, నానమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పట్నుంచి నాకప్పజెప్పారు. నువ్వు నోరు తెరిస్తే గిల్లేదాన్ని, గుర్తులేదా?"

గిల్లు గుర్తుంది. ఎందుకు గిల్లిందో ముప్ఫై ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికి అక్క వయసెంత, పన్నెండో పదమూడో.

ఇంతకీ ఆ ఉత్తరాలు ఏమయ్యాయి అంటే, ఇనప్పెట్టెలో ఉన్నాయి, నువ్వే పట్టికెళ్ళు, ఇక్కడ చెదలు పట్టేలా ఉన్నాయి అంది. తెచ్చుకున్నాను. నానమ్మ లేదు, నాన్న లేరు, బాబాయి ఉన్నాడు గానీ ఏం రాశాడో ఆయనకే గుర్తు లేదు. ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళ దాకా అన్నీ చదివాను. అవును, గీతలున్నాయి. మింగాల్సిన చోట మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి, పెన్సిల్‌తో సన్నగా, వంకరగా, తెలియనివాడు చూస్తే కాగితం మడత అనుకుంటాడు. జ్వరాలు, అప్పులు, తిరిగి వచ్చేయాలనుందన్న ఏడుపు, అవన్నీ ఊహించినవే. ఊహించనివి కూడా ఉన్నాయి. నాన్న మీద బాబాయికున్న కోపం నాకసలు తెలీదు. "అన్నయ్య నా ఉత్తరాలకి పొడిపొడిగా రెండు ముక్కలు రాస్తాడు, డబ్బు అందిందని తప్ప ఇంకేం ఉండదు" అని ఒకచోట. దానికీ గీతలే. అంటే తల్లి మనసు కోసం అని నేననుకున్న మింగుళ్ళలో కొన్ని నాన్న పరువు కోసం. మరీ ఒకచోట పక్క గదివాడి మోటు జోకు ఒకటి ఉంది, అది నిఖార్సయిన బౌడ్లర్ సరుకు, హారియెట్ చూస్తే మెచ్చుకునేది. ఇంకోచోట అక్కడి రేడియో ధరల గురించి సగం పేజీ ఉంటే, దానికి కూడా గీతలు పెట్టింది. అక్కనడిగితే "బోరు కొట్టిందిరా" అంది.

ఏరోగ్రామ్‌ల కట్ట కింద ఇంకో చిన్న కట్ట ఉంది, నావే. హాస్టల్లో ఉన్నప్పుడు ఇంటికి రాసినవి. వాటిక్కూడా గీతలు ఉంటాయని నాకు తోచనే లేదు. గదిలో ఎలకల సంగతి, పరీక్ష పోయిన సంగతి, అవి నానమ్మ దాకా వెళ్ళలేదు, సరే. మొదటి ఏడాది రాసిన ఒక ఉత్తరంలో, పద్దెనిమిదేళ్ళ పొగరుతో, నాన్నని నిలదీస్తూ రెండు లైన్లు రాశాను. నాకంటే అక్కే బాగా చదివేది కదా, నన్ను పంపించి దాన్ని ఇంట్లో ఎందుకు కూర్చోబెట్టారు, నానమ్మ వద్దంటే మీరు ఊరుకోవడమేనా అని. రాసినట్టు కూడా మర్చిపోయాను. ఆ రెండు లైన్లకీ ముందొకటి, వెనకొకటి గీతలున్నాయి. మిగతావన్నీ సన్నగా ఉంటాయి, ఇవి మాత్రం కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమితే తెలిసేంత గట్టిగా నొక్కి గీసి ఉన్నాయి.